గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

కర్నూలు, కడప పల్లెల్లో చేనిలో తిరిగే కాలికి తుమ్మముల్లు దిగి చీము పడితే, కొన్నాళ్ళకు గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పుండు పాదంలో, వాపు గజ్జల్లో! పుండు దగ్గర క్రిమిని మింగిన కాపలా కణాలు శోషరస నాళాల వెంట పైకి వెళ్ళి, గజ్జల్లోని శోషరస కణుపులో గుమికూడిన టి-కణాలనే తెల్ల రక్తకణాలకు దాని ఆనవాలు చూపిస్తాయి. ఆ ఆనవాలుకు సరిపోయే టి-కణం ఎదురైందా, ఒకటి రెండై, రెండు నాలుగై వేలకు పెరుగుతుంది. కణుపు ఉబ్బడానికి అదొక కారణం.

అసలు విశేషం ఇక్కడుంది. టి-కణం సాధారణంగా క్రిమిని నేరుగా గుర్తుపట్టలేదు. మన కణమే క్రిమి ప్రోటీనును తుంచి, చిన్న ముక్కను హెచ్‌ఎల్‌ఏ అనే అణువు గాడిలో ఉంచి, అరచేతిలో పెట్టి చూపినట్టు పైకి చూపాలి. టి-కణాల్లో సిడి8 రకం కణాలు చూసే ముక్కలో ఉండేది 8 నుంచి 10 అమైనో ఆమ్లాలే. సిడి4 కణాలకు చూపేది ఇంకాస్త పొడుగు. ముక్క పరాయిది, పట్టుకున్న అణువు మనది. రెండూ కలిసి కనిపిస్తేనే గుర్తింపు. 1974లో కాన్‌బెర్రాలో ఎలుకల మీద ఈ సంగతి తేల్చిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ వచ్చింది.

ఈ హెచ్‌ఎల్‌ఏ మనిషికో తీరు. తోడబుట్టిన ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. మూలుగ మార్పిడికి దాత దొరకడం అందుకే కష్టం.

క్షయ పరీక్షలోనూ ఈ టి-కణాలే సాక్షులు. ఆ క్షయ కథలో, 1911 దాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లెకు చోటుంది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1912 నాటిది. దేశంలో క్షయకు వేసే బి.సి.జి. టీకాను 1948లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి.

క్షయ కోసం ముంజేతి మీద చేసే మాంటూ పరీక్ష టి-కణాల జ్ఞాపకశక్తికే పరీక్ష. సూది వేసిన 48 నుంచి 72 గంటలకు చూస్తారు. పాత పరిచయమున్న టి-కణాలు అక్కడికి చేరి పోగవడానికి అంత సమయం కావాలి. కొలిచేది ఎరుపును కాదు, వేలికి తగిలే గట్టిదనాన్ని, మిల్లీమీటర్లలో. హెచ్‌ఐవీతో సిడి4 కణాలు బాగా తగ్గినవారికి క్షయ ఉన్నా చెయ్యి ఉబ్బకపోవచ్చు. ఉబ్బినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. కాబట్టి రెండు వారాలు దాటి దగ్గు వస్తుంటే సర్కారు ఆసుపత్రికి వెళ్ళి తెమడ పరీక్ష చేయించుకోండి. అక్కడ పరీక్షా, మందులూ ఉచితమే.