రోజుకు వెయ్యి రూపాయల షరతు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టించేవారికి ఈ రోజుల్లో మరొక పని కూడా తోడైంది. అది కాగితం రాసుకోవడం. ఫలానా తేదీకి పని పూర్తి చేయాలి, చేయకపోతే రోజుకు ఇంత జరిమానా కట్టాలి అని ఆ కాగితంలో ఒక షరతు ఉంటుంది. ఆ ఒక్క వాక్యం ఉంటే చాలు, పని సకాలంలో జరిగిపోతుందని ఇంటి యజమాని ధైర్యంగా ఉంటాడు. మేస్త్రీ సంతకం పెట్టేటప్పుడు దాన్ని చదవనైనా చదవడు. తగాదా వచ్చిన రోజున మాత్రం ఇద్దరికీ ఆ వాక్యమే గుర్తుకు వస్తుంది.

మా బంధువులలో ఒక ఉపాధ్యాయుని ఇంట జరిగిన సంగతి చెబుతాను. పదవీ విరమణకు ముందే సొంత ఇంట్లో చేరాలని ఆయన బ్యాంకు లోను తీసుకుని చిన్న ఇల్లు మొదలుపెట్టారు. సామాను ఆయనది, పని మేస్త్రీది. మే 31కి ఇల్లు అప్పగించాలి, ఆలస్యమైతే రోజుకు వెయ్యి రూపాయలు మినహాయించుకోవచ్చు అని స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. తీరా తాళంచెవి చేతికి వచ్చేసరికి ఆగస్టు 9. డెబ్బై రోజుల ఆలస్యం! దానికి తోడు వానలకు వంటగది స్లాబు ఉరుస్తోంది.

మేస్త్రీకి ఇంకా లక్ష రూపాయలు రావాలి. మాస్టారు లెక్క వేశారు. డెబ్బై రోజులకు డెబ్బై వేలు పోగా ముప్పై వేలు ఇస్తానన్నారు.

“మాస్టారూ, ఈ ముప్పై వేలు పట్టుకెళ్లి కూలోళ్లకి ఏం చెప్పమంటారండీ? శనివారం వచ్చేసరికి వాళ్లంతా మా ఇంటి ముందు కూర్చుంటారు” అన్నాడు మేస్త్రీ.

“కాగితం మీద ఉన్నది నీ సంతకమే కదా మేస్త్రీ. నేను చాటుగా రాయించుకున్నదేమీ కాదే” అన్నారు మాస్టారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే న్యాయం ఎక్కడుంది? కాగితంలో రాసినంత మాత్రాన డెబ్బై వేలు మాస్టారికి చెందుతాయా? ఇల్లు కట్టించేవారే కాదు, ఏ పనినైనా ఒప్పంద పత్రం మీద అప్పగించేవారూ, ఒప్పుకునేవారూ తెలుసుకోవలసిన ప్రశ్న ఇది.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఒప్పందాలకు ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులోని 74వ సెక్షన్ సరిగ్గా ఈ విషయం గురించే చెబుతుంది. ఒప్పందం తప్పినవారు ఇంత చెల్లించాలని కాగితంలో రాసి ఉంటే, నష్టపోయినవారికి దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. ఆ పరిహారం రాసుకున్న మొత్తాన్ని మించకూడదు. అంటే కాగితంలోని అంకె పైహద్దు. అక్కడిదాకా వెళ్లవచ్చు గాని, అంతా తప్పక వస్తుందని కాదు.

ఆ సెక్షన్ కిందనే చట్టం ఒక ఉదాహరణ ఇచ్చింది. ఫలానా రోజున 500 రూపాయలు ఇవ్వకపోతే 1,000 రూపాయలు ఇస్తానని ఒకడు రాసి ఇచ్చాడు. ఆ రోజున ఇవ్వలేకపోయాడు. అవతలివాడికి వెయ్యి దాటకుండా, కోర్టు సమంజసమని తలచినంత పరిహారం వస్తుంది. తప్పు చేసినవాడిని శిక్షించడం ఈ చట్టం ఉద్దేశం కాదు. నష్టపోయినవాడి నష్టాన్ని పూడ్చడమే దాని ఉద్దేశం.

ఇంగ్లండు న్యాయస్థానాలు ఇటువంటి షరతులను రెండు విధాలుగా విడదీసేవి. రాబోయే నష్టాన్ని ముందుగా నిజాయితీతో అంచనా కట్టి రాసుకున్నది ఒకటి. భయపెట్టడానికి రాసుకున్న జరిమానా రెండవది. మొదటిది చెల్లుతుంది, రెండవది చెల్లదు. మన చట్టం ఆ చిక్కు లేకుండా రెండింటికీ సమంజసమైన పరిహారం అనే ఒకే కొలత పెట్టింది.

1963లో ఫతేచంద్, బాలకిషన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ కొలతనే స్థిరపరచింది. అది ఒక ఆస్తి అమ్మకం తగాదా. కొనేవారు 1,000 రూపాయలు బయానాగానూ, మరి 24,000 రూపాయలు తర్వాతనూ చెల్లించి, ఒప్పందం తప్పారు. కాగితం ప్రకారం మొత్తం 25,000 తనదేనన్నాడు అమ్మేవాడు. బయానా వరకు ఉంచుకోవచ్చు గాని, నష్టం రుజువు కానప్పుడు మిగతా 24,000 జప్తు చేసుకోవడం కుదరదని కోర్టు చెప్పింది.

అలాగని రాసుకున్న అంకెకు విలువ లేదనుకోకూడదు. 2003లో ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో సుప్రీంకోర్టు రెండవ వైపు కూడా చూపించింది. ఐరోపాలో ఉక్కు కార్మికుల సమ్మె వల్ల ముడిసరుకు ఆలస్యమై, పైపుల సరఫరా గడువు దాటింది. ఒప్పందంలో రాసుకున్నట్టు ఓఎన్‌జీసీ బిల్లులో కొంత కోసుకుంది. ఇంత ఆలస్యానికి ఇంత నష్టమని రూపాయలతో సహా రుజువు చేయడం కష్టమైన చోట, ఇరువురూ ముందుగా నిజాయితీగా వేసుకున్న అంచనాను గౌరవించవచ్చునని కోర్టు తీర్పు చెప్పింది. తిరిగి 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో, అసలు నష్టమే జరగనప్పుడు పరిహారం అడిగే హక్కు లేదని స్పష్టం చేసింది. ఆ కేసులో ఢిల్లీ అభివృద్ధి సంస్థ జప్తు చేసిన సొమ్ము 78 లక్షలు. అదే స్థలాన్ని ఆ సంస్థ తర్వాత ఎంతో ఎక్కువ ధరకు అమ్ముకుంది. నష్టం ఎక్కడ? ఆ సొమ్ము తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

లోపం ఉన్న పనికి

ఆలస్యం ఒక ఎత్తు, పని లోపం ఒక ఎత్తు. దీనికి 73వ సెక్షన్ దారి చూపుతుంది. ఇల్లు ఫలానా విధంగా మరమ్మతు చేస్తానని ముందే డబ్బు తీసుకుని, ఆ విధంగా చేయకపోతే, దాన్ని ఒప్పందం ప్రకారం సరిచేయడానికి అయ్యే ఖర్చు యజమానికి ఇవ్వాలి. ఇది చట్టంలోనే ఉన్న ఉదాహరణ.

మరొక ఉదాహరణ ఇంకా గట్టిది. జనవరి 1కి ఇల్లు పూర్తి చేయాలి, ఆ రోజున దాన్ని అద్దెకు ఇవ్వడానికి మాట ఇచ్చాను అని యజమాని కట్టేవాడికి ముందే చెప్పాడు. కట్టినవాడు నాసిరకంగా కట్టాడు. ఇల్లు కూలిపోయింది. అప్పుడు తిరిగి కట్టే ఖర్చు, పోయిన అద్దె, అద్దెకు వచ్చేవారికి యజమాని ఇచ్చుకున్న పరిహారం, ఈ మూడూ కట్టినవాడి మీద పడతాయి. ఎందుకు? ఆ సంగతులు అతనికి ముందే తెలుసు గనుక. మన అవసరాన్ని ముందే చెప్పడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించండి.

యజమాని తన వంతు చేయకుండా తప్పంతా పనివాడి మీద వేస్తే అదీ చెల్లదు. పని జరగడానికి తగిన వసతి కల్పించకపోతే, ఆ మేరకు పనివాడి తప్పు కాదని 67వ సెక్షన్ చెబుతుంది. ఇనుము లేకుండా స్లాబు ఎలా వేస్తాడు?

మాస్టారి ఇంటి లెక్క

చివరకు ఇద్దరూ తమకు తెలిసిన ఒక వకీలుగారి దగ్గరకు వెళ్లారు. ఆయన కాగితం పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడిగారు. ఆలస్యంలో ఎవరి వంతు ఎంత? ఆలస్యం వల్ల నిజంగా పోయింది ఎంత? లోపం సరిచేయడానికి ఎంత కావాలి?

మాస్టారు పాత డైరీ తెచ్చారు. బ్యాంకు రెండవ వాయిదా రాక, ఇనుము రాక ఆగిపోయిన రోజులు 12. మధ్యలో మేడమెట్లు వేయించమనీ, కిటికీ తీసి తలుపు పెట్టించమనీ ఆయనే అడిగినందుకు పట్టినవి 18. ఈ ముప్పై పోగా మేస్త్రీ వల్ల అయిన ఆలస్యం నలభై రోజులు. ఆ రోజుల్లో ఆయన మరొక ఇంటి పని పట్టుకుని కూలీలను అటు పంపాడు. ఆ మాట తనే ఒప్పుకున్నాడు.

మాస్టారికి జరిగిన నష్టం అద్దె. నెలకు ఆరు వేల చొప్పున నలభై రోజులకు ఎనిమిది వేలు. డెబ్బై వేలెక్కడ, ఎనిమిది వేలెక్కడ! వంటగది స్లాబును మేస్త్రీ తన ఖర్చుతో బాగుచేయాలి. నవంబరు వానలకు ఉరవకుండా నిలిచేదాకా పది వేలు మాస్టారి దగ్గర ఉంటాయి. మిగిలిన 82,000 అప్పటికప్పుడు ఇవ్వాలి. ఇద్దరూ సరేనన్నారు. ఆ శనివారం కూలీలకు డబ్బు అందింది. నవంబరు దాటాక పది వేలూ అందాయి.

మీరు కాగితం రాసుకునేటప్పుడు

ఇల్లు కట్టించబోయే కుటుంబాలు ఈ కొద్ది సంగతులు గుర్తుంచుకుంటే మేలు.

1. జరిమానా అంకె భయపెట్టేదిగా కాక, నష్టానికి దగ్గరగా ఉండాలి. మీరు కట్టే అద్దె, లోను వడ్డీ ఎంతో చూసి రాయండి. మొత్తం ఇంత దాటకూడదని ఒక హద్దు కూడా పెట్టండి.

2. గడువు ఎందుకు ముఖ్యమో కాగితంలోనే రాయండి. అద్దె ఇల్లు ఖాళీ చేయాలనో, పెళ్లి ఉందనో రాస్తే తర్వాత వాదన ఉండదు.

3. సామాను ఎవరు, ఎప్పటికి తేవాలో రాయండి. మధ్యలో మార్పులు చేస్తే ఎన్ని రోజులు పెరుగుతాయో అప్పుడే రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. వాన వల్ల ఆగిన రోజులు డైరీలో వేయండి.

4. గడువు దాటాక ఇల్లు తీసుకుంటుంటే, పరిహారం అడిగే ఉద్దేశం ఉందని అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. గడువే ప్రాణమైన ఒప్పందంలో అలా చెప్పకుండా తీసుకుంటే, తర్వాత అడిగే హక్కు పోతుందని 55వ సెక్షన్ అంటుంది.

5. లోపాల కోసం కొంత సొమ్ము ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోవచ్చునని ముందే రాసుకోండి. సరిచేసే అవకాశం మొదట పనిచేసినవాడికే ఇవ్వండి.

6. ఫ్లాటు కొనేవారు బిల్డరు రాసిన షరతులు చూసి బెదిరిపోనక్కరలేదు. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే కట్టడాలలో, అప్పగింత ఆలస్యమైతే నెలనెలా వడ్డీ అడగవచ్చు. కొనేవారు కట్టే వడ్డీ, బిల్డరు కట్టే వడ్డీ ఒకే రేటున ఉండాలి. అప్పగించిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజులలో బిల్డరు ఉచితంగా సరిచేయాలి.

పనివారికి కూడా ఒక మాట. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. చదువు రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. చేయలేని గడువు ఒప్పుకోకండి. ఒక ఇంటి అడ్వాన్సుతో మరో ఇంటి పని మొదలుపెట్టకండి.

మాస్టారి ఇంటికి పైన గది వేయాలని ఈ మధ్య అనుకున్నారు. పిలిచింది అదే మేస్త్రీని. ఈసారి కాగితం రెండు పేజీలు అయింది. జరిమానా రోజుకు రెండు వందలు. సంతకానికి ముందు మేస్త్రీ కొడుకు దాన్ని పైకి చదివాడు, తండ్రి పక్కన కూర్చుని ప్రతి వాక్యమూ విన్నాడు.