వ్యాప్తియు, ఫజ్జీ తర్కమునందలి నియమవాక్యమును

“ఇది మన న్యాయశాస్త్రమున నున్నదే” యను మాట పరిశోధన వ్యాసములలో తఱచుగా కనబడుచున్నది. 1965లో లోట్ఫీ జాదే ఫజ్జీ సమితులను ప్రతిపాదించెను. వానిపై నిలిచిన “అయినచో” నియమమునకును, ధూమాగ్నుల వ్యాప్తికిని అభేదమే చెప్పువారు కలరు. పాఠశాలలో గురుముఖమున తర్కము చదివిన నాకు ఆ మాట రుచింపదు.

1975లో మమ్దానీ, అసిలియన్ అను నిరువురు లండను నగరమున చిన్న ఆవిరియంత్రమును ఇట్టి నియమములతో నడిపిన విధమును ప్రకటించిరి. “ఆవిరి యొత్తిడి మిక్కిలి తక్కువయై, మార్పు లేకున్నచో, వేడిమిని మిక్కిలి పెంచవలెను” అను తీరువి ఆ నియమములు. ఒత్తిడి తక్కువయనుట 0.6 మేరకును, మార్పు లేదనుట 0.8 మేరకును సత్యమనుకొందము. రెంటిలో నల్పమైన 0.6 నియమబలమగును; ఫలమును ఆ మేరకే గ్రహింతురు. పలు నియమములు ఏకకాలమున ప్రవర్తించును. వాని ఫలములను జేర్చి, యందుండి యొక సంఖ్యను యంత్రమున కిత్తురు.

ఇందు వ్యాప్తి యెక్కడ? హేతువు శూన్యమైనచో ఈ నియమము విలువయు శూన్యమే. లుకాసెవిచ్ చెప్పిన షరతు వాక్యమున హేతువు శూన్యమైనచో వాక్యము పూర్ణసత్యము. కావున మమ్దానీ నియమము పాశ్చాత్యుల లెక్కలోనైనను నిక్కమైన షరతు కాదు; హేతుఫలముల జంట మాత్రమే. వ్యాప్తి యొక్క వ్యభిచారస్థలముతో భగ్నమగును. యంత్రము సరిగా నడువనిచో నియమమును దిద్దుకొందురు, అంతియే.

1970వ దశకమున స్టాన్‌ఫర్డులో వెలసిన మైసిన్ అను వైద్యనిపుణవ్యవస్థ వేఱు జాతిది. లక్షణము 0.5 మేరకు నిశ్చితమై, నియమబలము 0.7 అయినచో, ఫలము 0.35. అట్టి హేతువును సవ్యభిచారమని వాదసభలో త్రోసివేయుదుము. వైద్యుడట్లు చేయజాలడు, రోగి యెదుటనే యున్నాడు గదా! ఇది మన సంభావనకు, అనగా ఒక కోటి బలముగానున్న సంశయమునకు, దగ్గఱది.

అయినను ఆవిరియంత్రపు 0.6 సంశయము కాదు. మూసిన కుండలోని నీరు వేడిదో కాదో తెలియనివానికి సంశయము. చేయిపెట్టి నులివెచ్చదనము నెఱిగినవానికి సంశయమేది? “వేడి” యను పదమే అచట పూర్తిగా వర్తింపదు. మొదటిది జ్ఞానగతము, రెండవది విషయగతము.

ఈ రెంటిని “సంభావన” యను నొక్క పదముతోనే అనువదించిన సిద్ధాంతవ్యాస మొకటి నాయొద్దకు పరిశీలనకు వచ్చినది. వ్రాసినవాడు బుద్ధిమంతుడే. ఆ అధ్యాయమును మరల వ్రాయుమని తిప్పి పంపితిని.