స్వాల్‌బార్డ్: తెరిచిన తలుపు, దొరకని ఆసరా

రాయ్‌పూర్ నుంచి పని కోసం జర్మనీ వెళ్లాలన్నా, కెనడా వెళ్లాలన్నా కాగితాల కట్టలు మోయాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉన్న లాంగ్‌యర్‌బ్యెన్ అనే ఊళ్లో కాపురం పెట్టాలంటే మాత్రం నివాస వీసా అక్కర్లేదు. భారతీయుడైనా, బ్రెజిల్ వాడైనా అంతే. ఈ కబురు ఇప్పుడు చాలామంది ఫోన్లలో తిరుగుతోంది. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం అర్థం కావాలంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి.

ఆ ఊరున్న స్వాల్‌బార్డ్ నార్వే ఏలుబడిలోని దీవుల గుంపు. 74 నుంచి 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంటుంది. మన రాయ్‌పూర్ 21 డిగ్రీల దగ్గర ఉంది. దీవులన్నిటి విస్తీర్ణం సుమారు 61,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఛత్తీస్‌గఢ్‌లో సగానికి కాస్త తక్కువ. 2011 లెక్కల ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభా రెండున్నర కోట్లు దాటింది. స్వాల్‌బార్డ్‌లో ఉండేవాళ్లు మూడు వేల లోపే. నేలలో దాదాపు 60 శాతం హిమానీనదాల కింద ఉంది. నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం పడమటి తీరాన్ని తాకుతూ పోతుంది కాబట్టి ఊళ్లన్నీ పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్ పడమటి వైపునే వెలిశాయి.

అక్టోబరు చివర్లో మునిగిన సూర్యుడు మళ్లీ కనిపించేది ఫిబ్రవరి నడుమ. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా అసలు అస్తమించడు. నేల లోపలి పొరలు ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటాయి. ఇంటి వేడికి ఆ మంచు కరిగితే ఇల్లు కుంగిపోతుంది. అందుకే ఇళ్లను స్తంభాల మీద ఎత్తి కడతారు, నీటి గొట్టాలను నేల మీదుగానే తీసుకెళ్తారు. ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం. అందుకని తుపాకీ తెలిసిన మనిషి తోడు లేకుండా బయటికి వెళ్లరు. ఇక్కడి మ్యూజియంలోకి, చాలా హోటళ్లలోకి వెళ్లాలంటే గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. అది భక్తి కాదు. గని పనివాళ్ల కాళ్లకు అంటుకున్న బొగ్గు మసి లోపలికి రాకూడదని మొదలైన అలవాటు. గనులు పోయినా అలవాటు పోలేదు.

ఈ దీవులకు ఆదివాసులు లేరు. గ్రీన్‌లాండ్‌లో ఇన్యుయిట్‌లు ఉన్నట్టు, బస్తర్ అడవుల్లో గోండులు, మాడియాలు ఉన్నట్టు, ఈ నేల మాదని చెప్పగల జాతి ఇక్కడ ఎన్నడూ స్థిరపడలేదు. 1596లో డచ్ నావికుడు విలెం బారెంట్స్ ఈ దీవులను చూశాడు. తరువాతి శతాబ్దంలో తిమింగలాల నూనె కోసం డచ్, ఇంగ్లిష్ ఓడలు వచ్చి, వేట అయిపోయాక వెళ్లిపోయాయి. ఆ తరువాత వచ్చినవాళ్లూ ఏదో ఒక పని మీద వచ్చినవాళ్లే. ఈ దీవుల కథంతా నాకు ఆ ఒక్క ముక్కలోనే కనిపిస్తుంది: పని ఉన్నంతకాలమే ఊరు, పని పోతే ఊరూ పోతుంది.

1906లో జాన్ మన్రో లాంగ్‌యర్ అనే అమెరికన్ ఇక్కడ బొగ్గు గని తెరిచాడు. ఊరికి అతని పేరే మిగిలింది. 1916లో గనులు స్టోర్ నోర్స్కే అనే నార్వే కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటికి ఈ నేల ఏ దేశానిదీ కాదు. బొగ్గు బయటపడేసరికి తగవులు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. దీవుల మీద సార్వభౌమాధికారం నార్వేకు ఇచ్చారు. బదులుగా, సంతకం చేసిన దేశాల ప్రజలందరికీ అక్కడికి రావడానికి, వేటకు, చేపలకు, గనులకు, వ్యాపారానికి సమాన హక్కు ఉండాలన్నారు. సైనిక స్థావరాలు కట్టకూడదన్నారు. అక్కడ వసూలైన పన్ను అక్కడే ఖర్చు పెట్టాలన్నారు. ఆనాటి బ్రిటిష్ ఇండియా పేరు కూడా ఆ కాగితం మీద ఉంది. 1925లో ఒప్పందం అమలులోకి వచ్చింది. నార్వే తన విదేశీయుల చట్టాన్ని స్వాల్‌బార్డ్‌కు వర్తింపజేయలేదు. వీసా అక్కర్లేకపోవడం వెనుక ఉన్న సంగతి ఇదే.

బొగ్గు గురించి కోర్బా తెలిసిన మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లాంగ్‌యర్‌బ్యెన్‌లో చివరి దాకా నడిచిన ఏడో నంబరు గని ఏడాదికి తీసింది లక్ష టన్నుల పైచిలుకు. కోర్బా జిల్లాలోని గెవరా గని 2022-23లో 5.25 కోట్ల టన్నులు తీసింది. అంటే సగటున రోజుకు లక్షా నలభై వేల టన్నులు. అక్కడి ఏడాది పని ఇక్కడ ఒక రోజు పని. మరి అంత చిన్న గనిని, అంత చలిలో, దశాబ్దాలపాటు ఎందుకు నడిపారు? లాభం కోసం కాదు. ఖాళీ దీవి మీద హక్కు నిలవాలంటే అక్కడ మనుషులు ఉండాలి, మనుషులు ఉండాలంటే పని ఉండాలి. నార్వే గనులకు డబ్బు పోసింది. సోవియట్ యూనియన్ కూడా అదే లెక్కతో బారెంట్స్‌బర్గ్, పిరమిడెన్ గనులను నడిపింది. పిరమిడెన్ 1998లో మూతపడి, నేటికీ ఖాళీ భవనాలతో నిలబడి ఉంది. బారెంట్స్‌బర్గ్‌లో రష్యా కంపెనీ ఇంకా ఉంది.

ఆ బొగ్గు కోసం ప్రాణాలు కూడా పోయాయి. ఇంకా ఉత్తరాన ఉన్న న్యూ-ఒలేసుండ్‌లో 1962లో జరిగిన పేలుడులో 21 మంది కార్మికులు చనిపోయారు. విచారణ నివేదిక వచ్చాక 1963లో నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గనిలో పోయిన ప్రాణాలకు మంత్రివర్గం జవాబు చెప్పాల్సి వచ్చిన ఆ ఉదంతాన్ని బొగ్గు పండే ప్రతి రాష్ట్రం గుర్తు పెట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. 2023లో లాంగ్‌యర్‌బ్యెన్ విద్యుత్ కేంద్రం బొగ్గు మానేసి డీజిల్‌కు మారింది. 2025 వేసవిలో ఏడో గనిని కూడా మూసేశారు.

ఇప్పుడు ఊరిని నిలబెట్టేది పర్యాటకం, 1993లో మొదలైన విశ్వవిద్యాలయ కేంద్రం, ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల నుంచి సమాచారం దించుకునే పెద్ద యాంటెన్నాల కేంద్రం. పేలుడు జరిగిన న్యూ-ఒలేసుండ్ ఇవాళ పరిశోధకుల ఊరు. 2008 జూలై 1న మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం అక్కడే ప్రారంభమైంది. 2014లో చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ తయారుచేసిన ఇండార్క్ పరికరాల వరుసను పక్కనున్న కాంగ్స్‌ఫియోర్డ్‌లో 192 మీటర్ల లోతులో దించారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ చలిలో బతికే బ్యాక్టీరియాను పరిశోధించారు. ఆర్కిటిక్ మంచుకూ మన రుతుపవనాలకూ ఉన్న లంకె ఏమిటన్నది అక్కడ మనవాళ్లు వెతుకుతున్న ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి. వానను నమ్ముకుని వరి వేసే ఛత్తీస్‌గఢ్ రైతుకు ఆ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది.

వరి మాట వచ్చింది కాబట్టి విత్తనాల ఖజానా గురించి చెప్పాలి. లాంగ్‌యర్‌బ్యెన్ పక్కన కొండలోకి వందకు పైగా మీటర్లు సొరంగం తవ్వి, 2008 ఫిబ్రవరి 26న దాన్ని తెరిచారు. మైనస్ 18 డిగ్రీల చలిలో 13 లక్షలకు పైగా విత్తన నమూనాలు అక్కడ ఉన్నాయి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల వంటి పంటల నమూనాలే లక్షకు పైన. అవి బ్యాంకు లాకరులో నగల్లాంటివి. పెట్టినవాళ్లు తప్ప ఎవరూ పెట్టె తెరవకూడదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం చేజారినప్పుడు, 2015లో ఇక్కడి నుంచే విత్తనాలు వెనక్కి తీసుకుని మళ్లీ పండించారు.

రాయ్‌పూర్‌వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 1970లలో డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా ఈ నగరం కేంద్రంగా ఊరూరా తిరిగి వేల రకాల వరిని సేకరించారు. ఇవాళ ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం దగ్గర 23,000కు పైగా వరి నమూనాలున్నాయి. 2002లో ఆ సంపదను ఒక విదేశీ విత్తన కంపెనీతో పంచుకునే ఒప్పందం బయటపడినప్పుడు ఇక్కడి రైతులు, ఉద్యమకారులు ఎదురు తిరిగారు. ఒప్పందం ఆగిపోయింది. విత్తనం ఎక్కడ దాచినా హక్కు ఎవరిదన్న ప్రశ్న ముందు తేలాలని అప్పుడే రాయ్‌పూర్ గట్టిగా అడిగింది. అయితే మంచు కొండ కూడా పూర్తి భరోసా కాదు. 2016లో వేడి పెరిగి, వానలు పడి, ఖజానా ముఖద్వారపు సొరంగంలోకి నీళ్లొచ్చాయి. విత్తనాలకేమీ కాలేదు గాని, ద్వారాన్ని మళ్లీ పటిష్ఠంగా కట్టాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో మంచు చరియ పడి ఊళ్లో ఇద్దరు చనిపోయారు. 2020 జూలైలో ఉష్ణోగ్రత 21.7 డిగ్రీలకు చేరింది. రాయ్‌పూర్‌లో అది మంచి చలికాలపు పగలు. అక్కడ రికార్డు.

ఇక మనుషుల సంగతి. సుమారు 2,500 మంది ఉండే లాంగ్‌యర్‌బ్యెన్‌లో యాభైకి పైగా దేశాలవాళ్లున్నారు. విదేశీయుల్లో థాయ్, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. హోటళ్లు, దుకాణాలు, శుభ్రం చేసే పనులు చాలావరకు వాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి. ఆదాయపు పన్ను నార్వే కంటే చాలా తక్కువ, వ్యాట్ లేదు. ఎదురు చెల్లించేది వేరే రూపంలో ఉంటుంది. వృద్ధులకు సంరక్షణ లేదు. చిన్న ఆసుపత్రి ఉన్నా ప్రసవాలకు ఏర్పాటు లేదు. గర్భిణులు నెలలు నిండే ముందే ప్రధాన భూభాగానికి వెళ్లాలి. ఇళ్లలో ఎక్కువ భాగం కంపెనీలవి, సంస్థలవి. ఉద్యోగం పోతే చాలాసార్లు ఇల్లూ పోతుంది. తన ఖర్చు తాను భరించలేని మనిషిని దీవి నుంచి పంపించే అధికారం గవర్నరుకు ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైలెక్కి వచ్చి రాయ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పని కోసం ఊరు మారడమంటే ఏమిటో తెలుసు. కానీ ఇక్కడికి వచ్చినవాళ్లకు ఓటు వచ్చింది, రేషన్ కార్డు వచ్చింది, పిల్లలకు బడి వచ్చింది, ముసలితనంలోనూ ఇక్కడే ఉండే హక్కు ఉంది. స్వాల్‌బార్డ్‌లో ఓటు కూడా మిగల్లేదు. 2022లో నార్వే నియమం మార్చింది: నార్వే పౌరులు కానివాళ్లు అంతకుముందు మూడేళ్లు ప్రధాన భూభాగంలో నివసించి ఉంటేనే స్థానిక ఎన్నికల్లో ఓటు వేయగలరు. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న వందల మందికి 2023 ఎన్నికల్లో చోటు లేకపోయింది. వ్యూహాత్మకమైన దీవి మీద పట్టు సడలకూడదన్న నార్వే భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా, ఊరి గదులు ఊడ్చి, వంట వండి, పిల్లల్ని చూసుకునే మనిషికి ఆ ఊరి పాలనలో మాట లేకపోవడం అన్యాయమని నేనంటాను.

వెళ్లాలనుకునే యువకులు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. విమానం నార్వే మీదుగానే వెళ్తుంది కాబట్టి షెంగెన్ వీసా తప్పదు, తిరుగు ప్రయాణానికి కూడా పనికొచ్చేలా దాన్ని తీసుకోవాలి. ఉద్యోగంతోపాటు ఇల్లు ఇస్తున్నారా లేదా అన్నది జీతం కంటే ముందు అడగాలి. అక్కడ పదేళ్లు పనిచేసినా ఆ కాలాన్ని నార్వే శాశ్వత నివాసం లెక్కలోకి తీసుకోరు.