గిటార్ నెక్‌కి తేనె రంగు... తిన్నర్ వాసన లేకుండా!

గిటార్ వాయించేటప్పుడు మన ఎడమ చెయ్యి ఎక్కువసేపు ఉండేది నెక్ వెనకే. పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా బొటనవేలు దాని మీదే జారుతూ ఉంటుంది. బాడీకి వేసే రంగు చూసేవాళ్ల కోసమైతే, నెక్‌కి వేసే పూత వాయించేవాళ్ల కోసం. పూత జిగటగా ఉంటే చెయ్యి ఆగిపోతుంది. అసలు వెయ్యకపోతే చెమట, తేమ చెక్కలోకి దిగుతాయి, నెక్ వంగుతుంది. అది వెంట్రుకవాసి వంగినా చాలు, తీగల ఎత్తు మారి ఫ్రెట్ల మీద గరగరమంటాయి.

శామీర్‌పేటలో మా మేడ మీద వారాంతాల్లో ఒక గిటార్ తయారు చేసుకుంటున్నా. ఐదు రోజులు కోడ్, రెండు రోజులు చెక్క. నెక్ మేపుల్, పైన ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్. చెక్కడం, ఫ్రెట్లు కొట్టడం అయ్యాయి. మిగిలింది పూత. కింద గదిలో నాయనమ్మ ఉంటుంది, ఆమెకు ఆయాసం. అందుకే నీళ్లతో పనిచేసే పూత, అదే వాటర్ బేస్డ్ ఫినిష్ ఎంచుకున్నా.

తేనె రంగు ఎక్కడిది?

పాత ఫెండర్ గిటార్ల ఫొటోలు చూడండి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ లాంటి వాటి నెక్‌లు ఇప్పుడు పండిన తేనె రంగులో ఉంటాయి. కొత్తలో అవి అంత పచ్చగా లేవు. అప్పట్లో వేసిన నైట్రో సెల్యులోజ్ లక్కర్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. వాటర్ బేస్డ్ పూత అలా కాదు, ఆరితే నీళ్లంత తేటగా ఉండిపోతుంది. తెల్లటి మేపుల్ మీద అది కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ రంగును మనమే కలుపుకోవాలి.

‘నీళ్లు తాగిన కట్టె నిలుస్తదా?’

మా వీధి చివర తలుపులు చేసే మేస్త్రి ఉన్నాడు. సంగతి చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట: ‘నీళ్లు తాగిన కట్టె నిలుస్తదా బిడ్డా?’ న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ నీళ్లు బండి లాంటివి. డబ్బాలో పాలలా కనిపించే ఆ ద్రవంలో కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులు తేలుతుంటాయి. నీళ్లు ఆవిరైపోతే రేణువులు దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి అతుక్కుని ఒకే పొర అవుతాయి. బండి వెళ్లిపోతుంది, సరుకు మిగులుతుంది.

మేస్త్రి ముప్పై ఏళ్లుగా మూతికి దస్తీ కట్టుకుని పాలిష్ కొడుతున్నాడు. ‘తిన్నర్ కొట్టిన రోజు రాత్రంతా దగ్గే’ అంటాడు. దస్తీ దుమ్మునైతే కొంత ఆపుతుందేమో, ఆవిరిని ఆపదు. నైట్రో లక్కర్ తిన్నర్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూలో హార్డనర్‌గా ఉండే ఐసోసయనేట్లు ఆస్తమా తెచ్చిపెడతాయి. వాటర్ బేస్డ్ పూతలోనూ కొంచెం సాల్వెంట్ ఉంటుంది. కాబట్టి కిటికీలు తెరవండి. స్ప్రే చేసినా, సాండ్ పేపర్‌తో రుద్దినా మాస్క్ తప్పనిసరి.

ముందే నీళ్లు పట్టించాలి

నీళ్లు తగిలితే చెక్క నార లేచి గరుకవుతుంది. మొదటి పూతతోనే అలా కాకుండా మనమే ముందు లేపేస్తే సరి. 220 నంబరు సాండ్ పేపర్ అయ్యాక తడిగుడ్డతో నెక్ తుడవాలి. పూర్తిగా ఆరనిచ్చి, లేచిన నారను 320తో తేలిగ్గా రుద్దాలి. రెండుసార్లు చేస్తే చాలు. ఫింగర్‌బోర్డ్‌కి, బాడీలో కూర్చునే మడమ భాగానికి టేప్ వెయ్యండి. అక్కడ పూత మందమైతే జాయింట్ బిగుసుకుంటుంది. మీ నెక్ టేకుదైతే ముందు మైనం తీసిన షెల్లాక్ ఒక పూత వెయ్యండి. టేకులో నూనె ఉంటుంది, నీళ్ల పూత దాని మీద సరిగ్గా పట్టదు.

పసుపు వేస్తే పోలా?

అమ్మ ఇచ్చిన ఐడియా ఇది. మిగిలిన మేపుల్ ముక్క మీద ప్రయత్నించా. తేనె రంగు రాలేదు, పారాణి వచ్చింది! కారణం మనకు తెలిసిందే. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, ఎందుకంటే సున్నానిది క్షారగుణం. వాటర్ బేస్డ్ ఫినిష్‌లు చాలావరకు కాస్త క్షారగుణంతోనే ఉంటాయి. పైగా పసుపు ఎండకు వెలిసిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలకు సహజ రంగులు వాడతారు కదా అనొచ్చు. ఆ బొమ్మల కోసం కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ అక్కడ రంగు కలిసేది లక్కలో. మనది వేరే లెక్క.

పెయింట్ షాపులో ఇచ్చే స్టెయినర్ కూడా వద్దు. అది పిగ్మెంట్, అంటే పొడి. చెక్క గీతల్ని కప్పేస్తుంది. మనకు కావాల్సింది నీళ్లలో కరిగే, ఎండకు తట్టుకునే డై. దాన్ని మేపుల్ మీద నేరుగా పూస్తే మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. అందుకే పూతలోనే చుక్కలు చుక్కలుగా కలపాలి. గిన్నెలో చూసి రంగు తేల్చకండి. చెక్క ముక్క మీద మూడు పొరలు వేసి, పగటి వెలుతురులో చూడండి.

శాండ్‌విచ్ సూత్రం

ముందు రంగులేని పూత ఒకటి. ఆరాక 400తో తేలిగ్గా రుద్దాలి. తర్వాత పల్చటి రంగు పూతలు మూడో నాలుగో. ఒకేసారి ముదురుగా వేస్తే చారలు పడతాయి. ప్రతి పొరతో కొంచెం కొంచెం ముదరాలి. రంగు పొరల్ని మాత్రం రుద్దకూడదు. అంచుల్లో పూత పల్చగా ఉంటుంది, పేపర్ కాస్త గట్టిగా తగిలినా తెల్ల మచ్చ బయటపడుతుంది. వాటి మీద మళ్లీ రంగులేని పూతలు మూడు నాలుగు వేస్తే, రుద్దే పనంతా వాటి మీదే చేసుకోవచ్చు. పూతల మధ్య స్టీల్ ఉల్ అస్సలు వద్దు. విరిగిన ఇనుప నూలు తడి పూతలో తుప్పు పట్టి నల్ల చుక్కలవుతుంది.

చెరువు గాలి, రోడ్డు దుమ్ము

డబ్బా మీద ‘రెండు గంటల్లో ఇంకో పూత’ అని ఉంటుంది. అది మామూలు వాతావరణంలో. ఆగస్టులో శామీర్‌పేట చెరువు వైపు నుంచి తడిగాలి వీస్తుంటే మా మేడ మీద తేమ మీటరు 80 దాటుతుంది. గాల్లో అంత తేమ ఉంటే పూతలోని నీళ్లు తొందరగా పోవు. అలాంటి రోజు రెండు పూతలకు బదులు ఒక్కటే వేశా. మే ఎండల్లో దీనికి పూర్తిగా రివర్స్, బ్రష్ గీత సర్దుకునేలోపే ఆరిపోతుంది. అప్పుడు తెల్లవారుజామే మంచిది. రాజీవ్ రహదారి దుమ్ము సంగతి సరేసరి. నేల మీద నీళ్లు చల్లి, కాసేపాగి, ట్యూనర్ రంధ్రంలోంచి తీగతో నెక్‌ని వేలాడదీసి పని మొదలుపెట్టాలి.

ఇంత చేసినా ఒక్క నెక్‌కి పావు లీటరు కూడా పట్టదు. మేస్త్రి లెక్క వేరు. తలుపుకైతే డబ్బాలకు డబ్బాలు కావాలి, ధర ఎక్కువ, కస్టమర్లేమో అద్దంలా మెరవాలంటారు. అయినా నా ముక్క మీద వేలు రాసి, వాసన చూసి, ‘చంటిపిల్లలున్న ఇండ్లకు ఇది చెప్పొచ్చు’ అన్నాడు. ఆయన ఊపిరితిత్తుల లెక్క మాత్రం ఆయన వెయ్యలేదు. పాలిష్ పని చేయించుకునే మనమే అది వెయ్యాలి.

చివరి పూత గంటలో చేతికి అంటకుండా ఆరుతుంది. అలాగని వెంటనే తీగలు బిగించకండి. లోపల గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత బూడిద రంగు స్కాచ్ బ్రైట్‌తో నెక్ వెనక భాగాన్ని పొడవునా తేలిగ్గా రుద్దండి. మెరుపు తగ్గుతుంది, చెయ్యి ఆగకుండా జారుతుంది. నాది ఇంకా వేలాడుతూనే ఉంది, ఇవాళ్టికి పదకొండో రోజు.