బొర్రా పెరట్లో కీరదోస, మిశ్రికంద
దుంప తీపి, కాయ విషం: పూత తుంచితే రెండు లాభాలు

బొర్రా (అల్లూరి సీతారామరాజు జిల్లా): తొలకరి పడిన తరువాత అనంతగిరి మండలంలో ఏ గిరిజన గూడేనికి వెళ్ళినా పందిళ్ళ మీదికీ, దడుల మీదికీ, ఇంటి కప్పుల మీదికీ తీగలు ఎగబాకుతూ కనిపిస్తాయి. చిక్కుడు, బీర, ఆనప, గుమ్మడి, దోస. వీటి సరసన మిశ్రికందకు కూడా చోటివ్వవచ్చునా అన్నది పెరటి తోటల వారు ఆలోచించవలసిన విషయం.

మిశ్రి అంటే పటికబెల్లం. ఆ తీపి ఉన్న దుంప గనుక హిందీవారు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషులో జికామా అంటారు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. స్పెయిన్ వారు ఫిలిప్పీన్స్‌కు తేగా అక్కడినుంచి ఆసియాలో వ్యాపించింది. బీహార్, బెంగాల్, ఒడిశాలలో సాగు చేస్తున్నారు. బెంగాలీల సరస్వతీ పూజ పళ్ళెంలో ఈ దుంప ఉండవలసిందే. తోలు ఒలిచి పచ్చిగానే తినవచ్చు. నూటికి సుమారు 90 పాళ్ళు నీరే. కీరదోసలో 95 పాళ్ళు. దాహం తీర్చడంలో రెండూ అక్కచెల్లెళ్ళే గాని పెంపకంలో పోలిక లేదు.

కీరదోస తొందర పంట. వారంలో మొలక, 50, 60 రోజులకు కాయ. వేళ్ళు పైపైనే ఉంటాయి గనుక నీరు తప్పితే కాయ చేదెక్కుతుంది. పశువుల ఎరువు దండిగా కావాలి. కాగా బొర్రా సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి ముసురే దీనికి శత్రువు. మబ్బు వీడని రోజుల్లో తేనెటీగలు తిరగవు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరక పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఆకులపై పసుపు మచ్చల తెగులు, కాయకు పండు ఈగ సరేసరి. నేల మీద పాకనివ్వక పందిరికి ఎక్కిస్తే కొంత నయం. గట్టి వానలకు ముందే కాపు అందుకోవాలంటే, నీటి వసతి ఉన్నవారు ఫిబ్రవరిలో వేసుకోవడం మేలు.

మిశ్రికందకు ఆ తొందర పనికిరాదు. అయిదారు నెలలు ఆగాలి. పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని దుంప ఊరదు. జూన్‌లో గింజ వేస్తే వానలకు తీగ సాగి, దసరా దాటాక దుంప పెరిగి, సంక్రాంతి ముందు తవ్వకానికి వస్తుంది. ఇది చిక్కుడు జాతి తీగ, నత్రజనిని తానే సమకూర్చుకుంటుంది. అందువల్ల ఎరువు కొద్దిగా చాలు, ఎక్కువైతే ఆకే మిగులుతుంది. మరుసటి ఏడు అదే చోట కీరదోస వేస్తే ఆ నత్రజని దానికి దక్కుతుంది.

నీరు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది, రాయి తగిలితే వంకరపోతుంది. వంకరలు గుహల్లో రాళ్ళకు అందం గాని దుంపకు కాదు! రాళ్ళు ఏరి, జానెడు ఎత్తు బోదెలు కట్టి, అడుగుకొక గింజ నాటాలి. చలికి ఓర్వని తీగ ఇది. బొర్రా కన్నా ఎత్తున ఉన్న అరకులో చలి ఎక్కువ గనుక అక్కడివారు ముందుగానే తవ్వుకోవాలి.

అసలు జాగ్రత్త మరొకటి ఉంది. దుంప తప్ప ఈ మొక్కలో మిగతాది తినరాదు. కాయలు చూపుకు చిక్కుడు కాయల్లాగే ఉంటాయి. గింజల్లో, ముదురు కాయల్లో, ఆకుల్లో రోటినోన్ అనే విషం ఉంటుంది. ముదురు గింజలను ఉడికించినా తినరాదు. అడవి దుంపలను కోసి, ఉడికించి, వాగునీటిలో నానబెట్టి చేదు పోగొట్టే విద్య గిరిజనులకు తెలిసిందే. ఇక్కడ వ్యవహారం తలకిందులు: దుంప మంచిది, కాయ చెడ్డది. మేకలు కాసే పిల్లలు చిక్కుడనుకుని కాల్చుకు తింటే ప్రాణానికే ముప్పు.

కనుక పూమొగ్గ కనిపించిన వెంటనే తుంచివేయాలి. తీగ బలం దుంపకు పోయి దుంప లావెక్కుతుంది, విషపు కాయ పెరట్లోనే ఉండదు. విత్తనానికి ఒక్క తీగను దడికి ఎడంగా వదిలి పెద్దలే కాపు కాయాలి. మిగిలిన కాయలను గోస్తనిలో పారవేయరాదు. రోటినోన్ చేపలను చంపుతుంది. ఆ నీరే కిందికి పారి తాటిపూడి జలాశయానికి చేరుతుంది.

కొత్తగా వేసేవారికి మొదటి ఏడు పది గింజలు చాలు. అడవి పందుల బెడద ఉన్న గూడేలలో వాటిని ఇంటి గోడ పక్కనే నాటుకోవడం మంచిది.