ఓడినవాడు లేవాలి

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో బస్టాండు పక్కన ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా గుంపు అక్కడే. వార్డెన్ సారుకు తెలియదనుకునేవాళ్ళం. ఆడేది టెక్కెన్ 3. జపాన్‌కు చెందిన నామ్‌కో కంపెనీ 1997లో తెచ్చిన ఫైటింగ్ గేమ్ అది. షాపులో రూలు ఒక్కటే: ఓడినవాడు లేవాలి. మా జేబులో ఒక్క ఆటకు సరిపడా చిల్లర. టౌను పిల్లల చేతిలో అర నిమిషంలో ఓడిపోయి, మిగతా మధ్యాహ్నమంతా గోడకానుకుని నిలబడేవాళ్ళం.

మాకు తెలిసిన విద్యల్లా ఎడ్డీ గోర్డోను ఎంచుకుని, కాలి బటన్లు రెండూ ఎడాపెడా నొక్కడం. ఎలా నొక్కినా ఏదో ఒక తన్ను పడేది. కొత్తవాడి మీద అది పనిచేస్తుంది. కాచుకోవడం తెలిసినవాడి మీద పనిచేయదు. మొదట నేర్చుకోవలసిన ఆ కాచుకోవడాన్ని మేము అన్నిటికన్నా చివర నేర్చుకున్నాం.

టెక్కెన్‌లో దెబ్బలు మూడు ఎత్తుల్లో వస్తాయి. పై దెబ్బ, మనం కూర్చుంటే తల మీదుగా పోతుంది. మధ్య దెబ్బను నిలబడే కాచుకోవాలి, కూర్చున్నవాడికి తగులుతుంది. కింది దెబ్బను కూర్చునే కాచుకోవాలి. ఇవి కాక పట్టుకుని పడేయడం ఒకటి. కాచుకుంటూ నిలబడిపోయినవాడికి అదే మందు. మరి ఎదుటివాడు ఏది వేస్తాడో ముందే ఎలా తెలుస్తుంది? తెలియదు. లెక్క వేసుకోవాలి. కింది దెబ్బల్లో చాలావరకు చిన్నవి. మధ్య దెబ్బ తగిలితే నష్టం ఎక్కువ. కాబట్టి నిలబడి కాచుకోవడం అలవాటు చేసుకుని, చిన్నది తగిలితే తగలనివ్వాలి. మేమేమో భయంతో కూర్చుండిపోయి, పెద్ద దెబ్బకు గాల్లోకి లేచేవాళ్ళం.

కాచుకున్నాక వంతు మనది. ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి. ప్రతి దెబ్బకూ బయలుదేరడానికి కొన్ని ఫ్రేములు, తిరిగి సర్దుకోవడానికి కొన్ని పడతాయి. టెక్కెన్ 7లో చాలా పాత్రల ఎడమచేతి గుద్దు 10వ ఫ్రేములో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. వాడి తన్నును మనం కాచుకున్నాక, వాడు మనకంటే 10 ఫ్రేములు ఆలస్యంగా తేరుకుంటే ఆ గుద్దును ఆపలేడు. ఏ తన్ను తర్వాత ఆ సందు దొరుకుతుందో ఎక్కాల్లాగా కంఠతా పట్టాలి. దూరం సంగతీ అంతే. వాడి కాలు అందనంత దూరంలో నిలబడితే తన్ను గాల్లో పోతుంది, అప్పుడు మనం కొట్టాలి.

మాలో ఎనిమిదో తరగతి తమ్ముడొకడు చిల్లర లేక నెల రోజులు ఊరికే చూశాడు. టౌను కుర్రాడొకడు ఓడిపోయేలా ఉన్నప్పుడల్లా కాళ్ళకేసి తంతాడని కనిపెట్టాడు. ఒకరోజు మేమే డబ్బులిచ్చి కూర్చోబెట్టాం. వాడు వరుసగా ఐదు ఆటలు లేవలేదు.

2019లో లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ జపాన్‌లోనూ, తర్వాత అమెరికాలోని లాస్ వేగస్‌లోనూ టెక్కెన్ 7 ఇవో టోర్నమెంట్లు రెండూ గెలిచాడు. అతను ఆట నేర్చుకున్నదీ గేమ్ షాపుల్లోనే. ఆ వార్త చదివి మా బ్యాచ్ వాళ్ళం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం.

ఇప్పటి తమ్ముళ్ళకు ఆట దొరికితే ముందు ప్రాక్టీస్ మోడ్ తెరవండి. ఎదుటి బొమ్మతో ఒకే తన్ను పదేపదే వేయించి, కాచుకుని, వెంటనే గుద్దండి. మొదటి వారం ఆ ఒక్క పనే. కాంబోలు తర్వాత చూసుకోవచ్చు.