మాంగా చిత్రలేఖనము: బాలికలకు వలయు సామగ్రి

పెద్ద కన్నులును, చిన్న నోరును, గాలికెగయు కురులును గల జపానుదేశపు చిత్రములను చూచి, తామును అట్టివి వ్రాయవలెనని నేడు మన బాలికలు పెక్కుమంది ముచ్చటపడుచున్నారు. వీనికి మాంగా యని పేరు. కొందఱు తల్లులు ఇది చదువునకు చేటని విసుగుకొందురు. మఱికొందఱు అంగడిలో మిక్కిలి వెలగల రంగుల పెట్టెను కొని తెత్తురు. మొదటిదానివలన ఉత్సాహము చచ్చును. రెండవదానివలన ధనము వ్యర్థమగును.

ఈ కళ స్త్రీలకు జీవనోపాధియు, కీర్తియు నొసగినది. మచికో హసెగావా యను వనిత 1946లో వార్తాపత్రికయందు ఆరంభించిన 'సజాయె-సాన్' అను కుటుంబ చిత్రకథ 1974 వఱకు సాగినది. రుమికో తకహాషికి 2019లో ఫ్రాన్సునందలి ఆంగులేం చిత్రకథోత్సవమున అత్యున్నత పురస్కారము లభించెను. కావున సోదరీమణులు ఈ ముచ్చటను చులకన చేయక, వలసిన వస్తువులను వివేకముతో ఎన్నుకొనవలెను.

మొదట పెన్సిళ్లు. హెచ్.బి. రకమొకటి, 2బి రకమొకటి చాలును. హెచ్.బి.తో తేలికగా రూపురేఖలు గీచి, 2బితో నీడలు దిద్దుకొనవచ్చును. మిక్కిలి గట్టి పెన్సిలుతో ఒత్తి గీచిన కాగితముమీద గాడి పడును. రబ్బరుతో తుడిచినను అది పోదు. రబ్బరు తెల్లనిదియు, మెత్తనిదియునై యుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కాగితము. పలుచని నోటుపుస్తకపు కాగితముమీద సిరా ప్రాకును. రబ్బరు రుద్దగానే నూగు లేచును. పాపము, బాలిక తన చేతియందే లోపమున్నదని తలచి కలము పాఱవైచును. అభ్యాసమునకు ఏ కాగితమైనను సరియే గాని, సిరాతో దిద్దుటకు దళసరియై నున్నగా నుండు కాగితము కావలెను. నీటిరంగులకైన గరుకు కాగితము పాళీకి తగులుకొనును. ముందుగా ఒక్క తావు మాత్రము కొని, మూలను సిరాగీత గీచి, ఆఱిన పిమ్మట రబ్బరుతో రుద్ది చూడుడు. గీత అంచులు చెదరనిచో ఆ కాగితము మంచిది. జపానులో వృత్తిచిత్రకారులు 257 మిల్లీమీటర్ల వెడల్పు, 364 మిల్లీమీటర్ల పొడవు గల తావుపై గీయుదురు. అచ్చులో బొమ్మ చిన్నదగుటచే చేతి వణకులు కొంత మఱుగుపడును. ఇంటిలో అభ్యాసమునకు ఎ4 తావు చాలును.

పిమ్మట కలములు. జపాను చిత్రకారులు సిరాలో ముంచి వ్రాయు పాళీలను వాడుదురు. 'జి' పాళీ ఒత్తిడిని బట్టి గీతను లావుగను సన్నముగను చేయును. 'మారు' పాళీ కనుఱెప్పలకు, వెండ్రుకలకు తగినది. ఇవి చేతికి లొంగుటకు కాలము పట్టును. కావున తొలుత నీటికి చెదరని సిరా గల సన్నమొన కలములు మేలు. సకురా వారి మైక్రాన్ కలములలో 01 అంకె గలది 0.25 మిల్లీమీటరు, 05 అంకె గలది 0.45 మిల్లీమీటరు గీత గీయును. మొదటిది కన్నులకు, రెండవది అంచులకు ఉపయోగించును. సిరా బాగుగా ఆఱిన పిదపనే పెన్సిలుగీతలను తుడువవలెను. పాళీలు కొన్నచో, వాడిన వెంటనే కడిగి తుడిచి దాచవలెను. లేనిచో త్రుప్పు పట్టును.

స్పిరిటు రంగుల మార్కర్లకు ఇప్పుడు తొందరలేదు. వాని వెల హెచ్చు. రంగు క్రింది తావునకు దిగును. వాసనకు కిటికీ తెఱచి యుంచవలెను. నీడలకై అంటించు చుక్కల తావులకు బదులు కలముతో దగ్గఱదగ్గఱగా గీతలు గీచిన చాలును.

తొలుత పెన్సిళ్లు, రబ్బరు, అభ్యాసపు కాగితములు ఇచ్చి చూడుడు. ఒక పుస్తకము నిండినప్పుడు రెండు కలములు, మంచి కాగితము కొనుడు. ఆ రెండవ పుస్తకమును నిండిన నాడు పాళీల మాట తలపెట్టవచ్చును. ఈ క్రమమున ఇంటి వ్యయమునకు భారముండదు; బాలికకును తన శ్రమకు తగిన గౌరవము ఇంటిలో దొరకినదను తృప్తి కలుగును.